పూత మీద కొన్న తోట: అకూన్యాకి మళ్ళీ ఎందుకివ్వాలి

2023 వేసవిలో మా నాన్న మా దగ్గరికొచ్చి మూడు నెలలున్నారు. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళం బాగానే ఉన్నాం గానీ బేస్‌బాల్ చూసేవాళ్ళు తక్కువ. మా అబ్బాయి ఆడటం మొదలుపెట్టాక నాకూ ఆ పిచ్చి పట్టుకుంది. ఒక శనివారం నాన్నని అట్లాంటా బ్రేవ్స్ జట్టు ఆడే ట్రూయిస్ట్ పార్కుకి తీసుకెళ్ళాం. క్రికెట్ అంటే ఆయనకి ప్రాణం. బేస్‌బాల్ నియమాలు సగమే అర్థమయ్యాయి, అయినా రెండో ఇన్నింగ్స్ అయ్యేసరికి ఒక ఆటగాడి మీద ఆయన కన్ను పడింది.

"ఆ 13 నంబరు కుర్రాడు మిగతావాళ్ళలా లేడమ్మా. అతనికి ఎంతిస్తారు?"

"ఏడాదికి 1.7 కోట్ల డాలర్లు నాన్నా."

ఆయన కాసేపు మనసులో రూపాయల్లోకి మార్చుకున్నారు. "ఈ ఆటలో అదే పెద్ద జీతమా?"

"కాదు. న్యూయార్క్ యాంకీస్‌లో ఆరన్ జడ్జ్ అని ఉన్నాడు. అతనికి 4 కోట్లు."

"మరి ఇతనెందుకు ఒప్పుకున్నాడు?"

"21 ఏళ్ళప్పుడే సంతకం పెట్టేశాడు. 8 ఏళ్ళకి కలిపి 10 కోట్లు."

"పూత మీద అమ్ముకున్నాడన్నమాట," అన్నారు నాన్న.

అప్పటికి నాలుగేళ్ళుగా నేను ఈ జట్టు జీతాల లెక్కలు ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఏడాదికో పేజీ, పేజీలో ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస. అన్ని పేజీలు నింపినా నాకు తట్టని మాట నాన్న నోట ఒక్క నిమిషంలో వచ్చింది. ఈ వ్యాసం ఆ మాట గురించే. ఆ మాటని బట్టి చూస్తే అట్లాంటా బ్రేవ్స్ ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుందని నా గట్టి నమ్మకం. ఆ 13 నంబరు కుర్రాడు రొనాల్డ్ అకూన్యా జూనియర్‌ పాత కాంట్రాక్టు అయిపోయేదాకా ఆగకుండా, ఇప్పుడే అతనికి కొత్తది ఇవ్వాలి. చేతిలో ఉన్న చవక ఏళ్ళని వదులుకునైనా ఇవ్వాలి.

ముందు తోట సంగతి చెప్తాను. నూజివీడు దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. ఎక్కువ బంగినపల్లి, గట్టు వెంట కొన్ని రసాలు. డబ్బు అవసరం లేని ఏడాది నాన్న కాయ బాగా ఊరేదాకా ఆగి బేరం పెట్టేవారు. అవసరమున్న ఏడాది పూత చూపించి గుత్తకి ఇచ్చేసేవారు. పూత మీద కొన్న షావుకారుకి చాలా భయాలుంటాయి. తేనెమంచు పురుగు పట్టొచ్చు, పిందె రాలిపోవచ్చు, ఏప్రిల్‌లో ఈదురుగాలి వస్తే ఊరిన కాయంతా నేలపాలు కావచ్చు. అందుకే పూత మీద ధర తక్కువ. ఆ తక్కువలో మోసం లేదు, రేపటి భయాన్ని అతను తన నెత్తినేసుకుంటున్నాడు. కానీ పూత మీద ఎవరమ్ముతారో కూడా చూడాలి. ఆగే ఓపిక ఉన్నవాడు అమ్మడు.

నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది నాన్న పూత మీద ఇచ్చేశారు. ఆ ఏడు కాపు విరగకాసింది, ధర కూడా బాగా పలికింది. మే నెలాఖర్న షావుకారు ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండానే ఇరవై వేలు నాన్న చేతిలో పెట్టి వెళ్ళాడు. కాగితం ప్రకారం అతనివ్వాల్సింది ఏమీ లేదు. తర్వాత పదమూడేళ్ళు మా తోట అతనికే వెళ్ళింది. మధ్యలో ఒక ఏడాది గాలివానకి సగం కాయ రాలిపోయింది. మరుసటి ఏడు నాన్న కూడా అడక్కుండానే గుత్త తగ్గించారు. నేను చెప్పబోయే వాదానికి మూలం ఇదే, బేస్‌బాల్ ఆ తర్వాత వచ్చి చేరింది.

బేస్‌బాల్‌లో కుర్రాళ్ళ జీతాలు ఎలా నడుస్తాయో తెలియకపోతే ఇదంతా వింతగా ఉంటుంది. మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ పై స్థాయి లీగ్‌లో, అడుగుపెట్టిన ఆటగాడు ఆరేళ్ళ సర్వీసు పూర్తయ్యేదాకా తన క్లబ్ సొత్తే. మొదటి మూడేళ్ళూ దాదాపు కనీస జీతం, 2026లో అది 7.8 లక్షల డాలర్లు. తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్: క్లబ్ ఒక అంకె, ఆటగాడు ఒక అంకె చెప్తారు, ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తులు రెండింట్లో ఒకటి ఎంచుతారు. ఆరేళ్ళూ నిండాకే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుతోనైనా బేరమాడుకోవచ్చు, అప్పుడే అసలైన మార్కెట్ ధర. ఇరవై ఒకటో ఏట వచ్చినవాడు ఆ ధర చూడాలంటే ఇరవై ఏడో ఏడు రావాలి. ఈలోగా మోకాలు పోతే, మోచేయి పోతే, అంతే.

మన ఐపీఎల్‌లో ఇంత కాలం ఆగక్కర్లేదు. విశాఖపట్నం కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి 20 లక్షల రూపాయలకి సన్‌రైజర్స్‌లో చేరి, బాగా ఆడి, 2025 మెగా వేలానికి ముందు 6 కోట్లకి రిటెయిన్ అయ్యాడు. రెండు సీజన్లలో ముప్ఫై రెట్లు. బేస్‌బాల్‌లో అదే వయసు కుర్రాడు ఎంత బాగా ఆడినా నాలుగో ఏడు వచ్చేదాకా గట్టిగా అడగడానికి లేదు.

క్లబ్‌లు దూరేది ఈ సందులోంచే. ఆరేళ్ళు ఆగలేని కుర్రాడి దగ్గరికెళ్ళి, "నీ ఆరేళ్ళతో పాటు తర్వాతి రెండు మూడేళ్ళు కూడా మాకిచ్చెయ్, ఇప్పుడే ఖాయమైన డబ్బిస్తాం" అంటారు. ఈ పని బ్రేవ్స్ జనరల్ మేనేజర్ అలెక్స్ యాంథోపులస్ చేసినంతగా ఈ కాలంలో ఇంకెవరూ చేయలేదు. మాంట్రియల్‌లో పుట్టిన ఈయన 2017 నవంబర్‌లో అట్లాంటా వచ్చారు. 2019 ఏప్రిల్ 2న అకూన్యా సంతకం, తొమ్మిది రోజులకి ఓజీ ఆల్బీస్ సంతకం.

అకూన్యా వెనెజువెలా కుర్రాడు. 16 ఏళ్ళప్పుడు బ్రేవ్స్ అతనికిచ్చింది లక్ష డాలర్లు. ఆల్బీస్‌ది క్యురసావ్ దీవి, అతనికిచ్చింది మూడున్నర లక్షలు. అదే జట్టు 2015 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని క్లబ్‌లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) తీసుకున్న అమెరికా కుర్రాడు ఆస్టిన్ రైలీకి మొదట్లోనే 16 లక్షలొచ్చాయి. రైలీ 2022 దాకా ఆగి, 10 ఏళ్ళకి 21.2 కోట్లు తీసుకున్నాడు. అకూన్యాకి 8 ఏళ్ళకి 10 కోట్లు, ఆల్బీస్‌కి 7 ఏళ్ళకి 3.5 కోట్లు. మొత్తం తేడా దీనివల్లేనని నేను అనను. రైలీ సంతకం పెట్టేనాటికి పూర్తిగా నిలదొక్కుకున్న ఆటగాడు, పైగా అకూన్యా ఒక్క ఏడాది సర్వీసైనా నిండకముందే పెట్టాడు. కానీ ఆల్బీస్ తన కుటుంబానికి ఇక ఏ లోటూ ఉండకూడదనే ఒప్పుకున్నానని అప్పట్లోనే చెప్పుకున్నాడు. మా తోట ఏ ఏడాది పూత మీద పోయిందో గుర్తున్న నాకు ఆ మాట పరాయిగా అనిపించలేదు.

ఆల్బీస్ లెక్క నా పుస్తకంలో చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2021లో 30 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి), 106 ఆర్బీఐలు (అతని బ్యాటింగ్ వల్ల జట్టుకొచ్చిన పరుగులు), ఆ ఏడాది జీతం 30 లక్షలు. 2023లో 33 హోమ్ రన్‌లు, జీతం 70 లక్షలు. ఆపైన 2026, 2027 ఏళ్ళకి ఆప్షన్, అంటే క్లబ్‌కి ఇష్టమైతే ఇతన్ని అదే 70 లక్షలకి ఉంచుకోవచ్చు. ఇతనికిష్టమా కాదా అని ఎవరూ అడగరు. 2026 ఆప్షన్‌ని ఇప్పటికే వాడేసుకున్నారు. 9 ఏళ్ళకి కలిపితే 4.5 కోట్లు. జడ్జ్‌కి ఒక ఏడాది వచ్చేదాని కంటే కొంచెమే ఎక్కువ.

యాంథోపులస్ చేసింది తప్పని కాదు నా వాదం. ఆయన కొన్నవన్నీ ఒకే రకం కూడా కావు. అకూన్యా, ఆల్బీస్, తర్వాత 2022లో మైకేల్ హారిస్, స్పెన్సర్ స్ట్రైడర్, వీళ్ళని పూత మీద కొన్నారు. రైలీ, మాట్ ఓల్సన్, షాన్ మర్ఫీ కాయ ఊరాక కొన్నవాళ్ళు. ఈ రెండో రకానికి దాదాపు ధరకి తగ్గ ధరే పెట్టారు. రైలీకి 2032 దాకా ఏడాదికి 2.2 కోట్లు. అప్పటికి అతనికి 35 ఏళ్ళొస్తాయి, 2024లో చెయ్యి విరిగింది, 2025లో పొట్ట కండరాల ఆపరేషన్ అయింది. ఆ నష్టభయం క్లబ్‌దే. ఓల్సన్ అయితే మా జట్టు పాత స్టార్ ఫ్రెడ్డీ ఫ్రీమన్ స్థానంలో వచ్చినవాడు. 2022 మార్చిలో ఫ్రీమన్ వెళ్ళిపోయినప్పుడు నేను రెండు రోజులు సరిగ్గా తినలేదు. కానీ లెక్క లెక్కే. డాడ్జర్స్ ఫ్రీమన్‌కి 6 ఏళ్ళకి 16.2 కోట్లిచ్చారు, బ్రేవ్స్ ఓల్సన్‌కి 8 ఏళ్ళకి 16.8 కోట్లిచ్చారు, ఓల్సన్ 2023లో 54 హోమ్ రన్‌లు కొట్టి క్లబ్ రికార్డు రాశాడు. అటు ఫ్రీమన్ 2024 వరల్డ్ సిరీస్‌లో, అంటే మేజర్ లీగ్ ఫైనల్లో, ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. ఎవరు గెలిచారో నేను చెప్పలేను, మనసు ఫ్రీమన్ వైపే ఉన్నా.

పూత మీద కొన్నందుకు జట్టుకేమొచ్చిందో 2021 చూపించింది. ఆ జూలైలో అకూన్యా కుడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆ ఏడాది అతని జీతం 50 లక్షలే. యాంథోపులస్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆటగాళ్ళ మార్పిడికున్న గడువు తేదీ లోపల జాక్ పెడర్సన్, ఆడమ్ డువాల్, హోర్హే సోలేర్, ఎడ్డీ రొసారియో, మొత్తం నలుగురు ఔట్‌ఫీల్డర్లని తెచ్చారు. రొసారియో లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ ఎంవీపీ, సోలేర్ వరల్డ్ సిరీస్ ఎంవీపీ. ఆ కప్పు గెలిచిన రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. ముందే కొన్న ఆటగాళ్ళు చవగ్గా ఉండబట్టే నాలుగు కొత్త జీతాలు మోయగలిగారు. పూత మీద ఆదా అయిన డబ్బు తోటకే ఖర్చయిన ఏడాది అది.

తర్వాత అలా జరగలేదు. 2023లో 104 గెలుపులు, 2024లో 89, 2025లో 76. 2025లో రొటేషన్, అంటే వంతులవారీగా ఆట మొదలుపెట్టే పిచ్చర్ల (బంతి విసిరేవాళ్ళ) వరస, మొత్తం గాయాలతో కూలిపోయింది. క్రిస్ సేల్, రెనాల్డో లోపెజ్, ష్వెలెన్‌బాక్, హోమ్స్, స్మిత్-షావర్, ఒకరి వెంట ఒకరు. స్ట్రైడర్ మోచేతి ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చాడు గానీ పాత వేగం రాలేదు, 7 గెలిచి 14 ఓడాడు. దానికి ముందు చలికాలంలో మా పిచ్చర్ మాక్స్ ఫ్రీడ్‌ని యాంకీస్ 8 ఏళ్ళకి 21.8 కోట్లిచ్చి తీసుకెళ్ళారు. ముప్ఫై దాటిన పిచ్చర్‌కి ఎనిమిదేళ్ళంటే నేనూ సందేహించేదాన్నే. ఫ్రీడ్‌ని వదిలేశారని నాకు కోపం లేదు, అతని స్థానంలో అంతటివాణ్ణి ఎవర్నీ తేలేదన్నదే నా బాధ. అకూన్యా, ఆల్బీస్, హారిస్‌ల దగ్గర మిగిలిన డబ్బు ఎటు పోయింది?

ఈ ప్రశ్న అడిగే హక్కు ఇక్కడి జనానికుంది. ట్రూయిస్ట్ పార్కు కట్టడానికి కాబ్ కౌంటీ సుమారు 30 కోట్ల డాలర్ల ప్రజల డబ్బు పెట్టింది. బ్రేవ్స్ ఇప్పుడు నాస్‌డాక్‌లో లిస్టయిన కంపెనీ, లెక్కలు బయట పెట్టక తప్పదు. 2024లో మొత్తం ఆదాయం 66 కోట్ల డాలర్లు దాటింది. స్టేడియం పక్కనే ఉన్న బ్యాటరీ అట్లాంటా షాపులు, హోటళ్ళు, ఆఫీసుల అద్దెలు కూడా అందులోవే. టీవీ హక్కుల కంపెనీ 2023లో దివాలాకి వెళ్ళాక ఆ వైపు డబ్బు గురించి టెన్షన్ ఉన్న మాట నిజమే. అయినా ఇది చేతకాని క్లబ్ కాదు.

ఇక ముందు పేజీలు తిరగేద్దాం. ఇక్కడ రెండు లెక్కలు వేరువేరుగా ఉంటాయి, చాలామంది అభిమానులు వాటిని కలిపేసి తికమక పడతారు. ఒకటి చేతికిచ్చే డబ్బు. రెండోది లగ్జరీ ట్యాక్స్ లెక్క. ఈ రెండో దాంట్లో ఆ ఏడాది ఎంతిచ్చారన్నది చూడరు, కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్ళతో భాగించి సగటు వేస్తారు. స్ట్రైడర్‌కి 2023లో ఇచ్చింది 10 లక్షలే, ట్యాక్స్ లెక్కలో రాసింది 1.25 కోట్లు. 2027లో ఇచ్చేది 2.2 కోట్లు, రాసేది అదే 1.25. జట్టు మొత్తం 2026లో 24.4 కోట్లు దాటితే పైదాని మీద పన్ను పడుతుంది. మొదటిసారి 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. బ్రేవ్స్ 2023లో మొట్టమొదటిసారి ఈ పన్ను కట్టారు, 2024లో మళ్ళీ కట్టారు.

అకూన్యా చేతికొచ్చేది 2026లో 1.7 కోట్లు, ట్యాక్స్ లెక్కలో 1.25. తర్వాత 2027, 2028 రెండేళ్ళూ క్లబ్ ఆప్షన్, ఒక్కోటి 1.7 కోట్లు. ఆప్షన్ వద్దనుకుంటే కోటి డాలర్లు ఎలాగూ ఇవ్వాలి, కాబట్టి 2027కి అతన్ని ఉంచుకోవడానికి నిజంగా అదనంగా పడేది 70 లక్షలు. ఏ క్లబ్ అయినా కళ్ళు మూసుకుని వాడుకుంటుంది. 2028 దాకా ఇలా గడిచిపోతుంది. 2029 పేజీ తెరిస్తే రైలీ 2.2, ఓల్సన్ 2.2, హారిస్, అంతే. మర్ఫీ, స్ట్రైడర్‌లకి ఆప్షన్లున్నాయి, అవి వాడుకునే పరిస్థితి ఉంటుందో లేదో. అకూన్యా పేరు లేదు. అప్పటికి అతనికి 31.

క్లబ్ తరఫున మాట్లాడేవాళ్ళ వాదం బలమైనదే. ఇంకా మూడు సీజన్లు చవగ్గా చేతిలో ఉన్నాయి. రెండు మోకాళ్ళకీ లిగమెంట్ తెగిన ఆటగాడు, కుడిది 2021లో, ఎడమది 2024 మేలో. 2023లో 41 హోమ్ రన్‌లు, 73 స్టీల్స్‌తో (పిచ్చర్ కళ్ళుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తడం) ఏకగ్రీవంగా ఎంవీపీ అయినవాడు మళ్ళీ అలా పరిగెత్తకపోవచ్చు. మూడేళ్ళ తర్వాత మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసి అప్పుడు మాట్లాడదాం, ఇప్పుడెందుకు తొందర?

ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. దానికి నా జవాబు మోకాళ్ళ దగ్గరే మొదలవుతుంది. మోకాళ్ళ భయం క్లబ్‌కున్నట్టే అకూన్యాకీ ఉంది. ఇద్దరికీ భయమున్న రోజునే ఇద్దరికీ నచ్చే ధర దొరుకుతుంది. 2025లో మే నెలాఖరున తిరిగొచ్చి, మొదటి బంతికే హోమ్ రన్ కొట్టి, 95 ఆటల్లో 21 కొట్టి, .290 సగటుతో ముగించి, లీగ్‌లో కమ్‌బ్యాక్ ప్లేయర్ అయ్యాడు. అంటే బ్యాట్ ఎక్కడికీ పోలేదు. ఇలాంటివే ఇంకో రెండు సీజన్లు ఆడితే అతనికి భయం పోతుంది, ధర క్లబ్ చేతిలో ఉండదు. టొరంటో వాళ్ళు వ్లాదిమిర్ గెరెరో జూనియర్ విషయంలో ఆగి ఆగి, ఆఖరి ఏడాది మొదలయ్యాక 2025 ఏప్రిల్‌లో 14 ఏళ్ళకి 50 కోట్లిచ్చారు. అంతకు ముందు చలికాలంలో హ్వాన్ సోటోని మెట్స్ 15 ఏళ్ళకి 76.5 కోట్లకి తీసుకున్నారు. ఇద్దరూ అకూన్యా కంటే చిన్నవాళ్ళు, అవే అంకెలు ఇతనికి రావు. కానీ ఆగితే ధర తగ్గుతుందని నమ్మడానికి మాత్రం ఈ మధ్య మార్కెట్లో ఆధారమేదీ కనపడదు.

నా లెక్క ఇది. ఆ రెండు ఆప్షన్లనీ చింపేసి 2027 నుంచి 2033 దాకా 7 ఏళ్ళకి 21 కోట్లు, ఏడాదికి 3 కోట్లు. మొదటి రెండేళ్ళూ క్లబ్ తనకున్న హక్కు కంటే ఏడాదికి 1.3 కోట్లు ఎక్కువిస్తుంది, రెండేళ్ళకి 2.6 కోట్లు. దానికి బదులు 31 నుంచి 35 దాకా అయిదేళ్ళు అతను ఇక్కడే ఉంటాడు. ట్యాక్స్ లెక్కలో భారం పడుతుంది, 1.25 ఉన్నచోట 3 రాయాలి. 2027, 2028లో ఇరుగ్గా ఉంటుంది, కాదనను. ఆ 2.6 కోట్లు దండగ కదా అని మావాళ్ళే అడుగుతారు. షావుకారు నాన్న చేతిలో పెట్టిన ఇరవై వేలు ఎలాంటివో ఇవీ అలాంటివే.

ఇలా చేసిన క్లబ్ లేకపోలేదు. కాన్సస్ సిటీ రాయల్స్ 2012లో సాల్వడార్ పెరెజ్ అనే 21 ఏళ్ళ క్యాచర్‌తో (మన వికెట్ కీపర్ లాంటివాడు) 5 ఏళ్ళకి 70 లక్షల కాంట్రాక్టు రాయించుకున్నారు. అతనూ వెనెజువెలా కుర్రాడే. పైన 2019 దాకా చిన్న మొత్తాల ఆప్షన్లు. అతను ఆల్‌స్టార్ అయ్యాడు, 2015లో వరల్డ్ సిరీస్ ఎంవీపీ అయ్యాడు. రాయల్స్ ధనిక క్లబ్ కాదు, ఆప్షన్లు వాడుకుంటే అడిగేవాళ్ళు లేరు. అయినా 2016 మార్చిలో ఆ ఆప్షన్లని పక్కన పెట్టి 5 ఏళ్ళకి 5.25 కోట్లిచ్చారు. దాన్లో నష్టమూ జరిగింది. మోచేతి ఆపరేషన్‌తో 2019 మొత్తం పెరెజ్ ఆడలేదు, జీతం ఇచ్చారు. 2021లో అదే పెరెజ్ 48 హోమ్ రన్‌లు కొట్టాడు. ఇంకో జట్టు చొక్కా ఇంతవరకూ వేసుకోలేదు. 2024 ఫిబ్రవరిలో బాబీ విట్ జూనియర్ అదే క్లబ్‌లో 11 ఏళ్ళకి 28.87 కోట్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. పెరెజ్‌ని చూసే పెట్టాడని నేను రుజువు చేయలేను. కానీ అతను రోజూ కూర్చునే లాకర్ రూమ్‌లో పెరెజ్ ఉన్నాడు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ లాకర్ రూమే. బ్రేవ్స్ నడిచేదే కుర్రాళ్ళు ముందుగా సంతకం పెట్టడం మీద. ఇప్పుడు జట్టులో డ్రేక్ బాల్డ్విన్ ఉన్నాడు, 2025 నేషనల్ లీగ్ రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), క్యాచర్. క్లబ్ చేతిలో 2030 దాకా ఉంటాడు, 2028 నుంచి ఆర్బిట్రేషన్. మరో పక్క అదే స్థానంలో మర్ఫీకి 2028 దాకా ఏడాదికి 1.5 కోట్లు. మర్ఫీకి 2025 సెప్టెంబర్‌లో తుంటి ఆపరేషన్ అయింది, అతన్ని ఇప్పుడు అమ్మితే సగం ధర కూడా రాదు. కాబట్టి మర్ఫీ ఆరోగ్యంగా ఆడి చూపించేదాకా ఆగి, ఆ తర్వాత వేరే జట్టుకిచ్చి, ఆ 1.5 కోట్లని పిచ్చింగ్‌కి మళ్ళించాలి. క్యాచర్ స్థానం బాల్డ్విన్‌దే. రేపు యాంథోపులస్ అతనితో కాంట్రాక్టు మాటలు మొదలుపెట్టినప్పుడు, బాల్డ్విన్ ఏజెంట్ బల్ల మీద మొదట పెట్టే కాగితం ఆల్బీస్‌ది. రెండోది అకూన్యాది. ఆ రెండో కాగితం మీద కొత్త తేదీ, కొత్త అంకె ఉంటే మాటలు ఒకలా నడుస్తాయి, లేకపోతే ఇంకోలా.

ఆల్బీస్‌కి కూడా అలాగే ఇవ్వాలా అని మా అబ్బాయి అడిగాడు. ఈ ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. నా మనసు ఇవ్వాలంటుంది. నా పుస్తకం వద్దంటుంది. 2022లో పాదం విరిగింది, 2024లో మణికట్టు విరిగింది, 2025లో .240 సగటు, 16 హోమ్ రన్‌లు. ఇప్పుడు 70 లక్షలు అతనికి అన్యాయమైన ధర కాదు, కొంచెం తక్కువ ధర, అంతే. అతనికి న్యాయం చేయాల్సింది 2021 కప్పు గెలిచిన చలికాలంలో. అప్పుడు జీతాలు సర్ది, 2028 దాకా పొడిగించి ఉంటే ఎవరికీ భారమయ్యేది కాదు. ఆ అదను దాటిపోయింది. అతని ఆట మళ్ళీ లేస్తే 2027 తర్వాత బయట మార్కెట్లో అతనికి దక్కాల్సింది దక్కాలని కోరుకుంటున్నాను. అకూన్యా విషయంలో అదను ఇంకా దాటలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇంకో అడ్డంకి ఉంది. ఆటగాళ్ళ సంఘానికీ క్లబ్‌లకీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. యజమానులు జీతాల మీద గట్టి పరిమితి కోరతారని, లాకౌట్ (యజమానులే ఆటగాళ్ళని రానివ్వకుండా తలుపులు మూయడం) తప్పదని అందరూ అనుకుంటున్నారు. 2021 డిసెంబర్‌లో మొదలైన లాకౌట్ 99 రోజులు నడిచింది, ఫ్రీమన్ కథ ఆ మధ్యలోనే చెడింది. కొత్త నియమాలు తెలియకుండా ఏడేళ్ళ కాంట్రాక్టు రాయడం తెలివైన పనేనా అంటారు. నియమాలు తెలియకపోవడం రెండు వైపులా ఉంది కాబట్టే ఇది రాయాల్సిన సమయమంటాను నేను. గట్టి పరిమితి వస్తే ఆటగాడికి భయం, రాకపోతే క్లబ్‌కి భయం. పైగా లాకౌట్ మొదలైన క్షణం నుంచి క్లబ్ వాళ్ళు ఆటగాడితో ఫోన్లో కూడా మాట్లాడకూడదు. అప్పుడు ఎన్ని నెలలు పోతాయో ఎవరికి తెలుసు.

2026 సీజన్ అయిపోయిన కొద్ది రోజులకి అకూన్యా 2027 ఆప్షన్ కాగితం యాంథోపులస్ బల్ల మీదికొస్తుంది. దాని మీద సంతకానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం పనికంటే ముందే, ఈ వేసవిలోనే, ఆయన అకూన్యా ఏజెంట్‌కి ఫోన్ చేయాలి.

మొన్న ఫోన్లో నాన్న ఈసారి పూత బాగుందని చెప్పారు. పాత షావుకారు పోయాడు, ఇప్పుడు అతని కొడుకు వస్తున్నాడు, బయానా తీసుకోలేదు, కాయ మీదే చూద్దామన్నానన్నారు. ఆ తర్వాత, "ఆ 13 నంబరు కుర్రాడికి మళ్ళీ ఇచ్చారా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. ఫోన్ పెట్టేసి పుస్తకం తీసి, 2029 పేజీలో రైట్ ఫీల్డ్ వరసలో అతని పేరు, పక్కన 3 కోట్లు, పెన్సిల్‌తో రాసి పెట్టాను.